అడిగే వాక్యం, ఆశ్చర్యపడే వాక్యం
మన పిల్లల ఇంగ్లీషు చదువుకు కొంత సాయం

మాకు తెలిసిన ఒక సంఘంలోని అమ్మాయి ఇంటర్ పూర్తిచేసి, నర్సింగు శిక్షణలో సీటు కోసం పట్నం వెళ్ళింది. తండ్రి కౌలు రైతు. ఇంటర్వ్యూ అంతా ఇంగ్లీషులో జరిగింది. పేరు, ఊరు, మార్కులు అడిగితే తడబడకుండా చెప్పింది. చివర్లో ఎదుట కూర్చున్నవారు "డు యు హావ్ ఎనీ క్వశ్చన్స్?" అన్నారు. నువ్వేమైనా అడగాలా అని.

అడగవలసినది ఉంది. ఫీజు ఒకేసారి కట్టాలా, రెండు విడతలుగా కట్టవచ్చా? తండ్రి ఆ ఒక్క సంగతి కనుక్కొని రమ్మని మరీ మరీ చెప్పి పంపాడు. కాని ఆ అమ్మాయి "నో సర్" అని లేచి వచ్చేసింది. తండ్రి పాడిగేదెను అమ్మాడు. చాలని డబ్బు వడ్డీకి తెచ్చాడు. మొత్తం ఒకేసారి కట్టాడు. తరగతులు మొదలైన నెలకు హాస్టల్లో పక్క మంచం అమ్మాయి చెప్పింది, తాము రెండు విడతలుగా కడుతున్నామని. అడిగినవారికి ఆ వెసులుబాటు ఇస్తారట.

సెలవులకు వచ్చినప్పుడు ఆ అమ్మాయి ఈ సంగతి మాతో చెప్పి కన్నీళ్ళు పెట్టుకుంది. "అడగాలనే కూర్చున్నానండీ. తెలుగులో ప్రశ్న నోటిదాకా వచ్చింది. ఇంగ్లీషులో ఏ మాట ముందు పెట్టాలో తెలియలేదు" అంది.

ప్రియ పాఠకులారా, ఆ అమ్మాయికి ఇంగ్లీషు మాటలు రాక కాదు. కెన్, ఐ, పే, ఫీ, టూ, పార్ట్స్, ఇవన్నీ ఆమెకు తెలిసిన మాటలే. "కెన్ ఐ పే ది ఫీ ఇన్ టూ పార్ట్స్?" అంటే సరిపోయేది. తెలియనిది మాటల వరుస మాత్రమే. ఆ వరుసను మన ఇళ్ళలో తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చొని నేర్చుకోగలిగేలా ఇక్కడ వివరించాలని మా ప్రయత్నం. ప్రశ్నార్థక వాక్యం, ఆశ్చర్యార్థక వాక్యం రెండింటినీ కలిపి చెబుతున్నాం. ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా ఈ రెండింటినే ఒకదానితో ఒకటి కలిపేసుకుంటున్నారు.

తెలుగులో ప్రశ్న ఎలా పుడుతుంది?

ముందు మన ఇంటి భాషను చూద్దాం. "దానియేలు వచ్చాడు" అన్నది మామూలు వాక్యం. దీనిని ప్రశ్న చేయాలంటే చివర ఒక దీర్ఘం చాలు. "దానియేలు వచ్చాడా?" మాటలేవీ చోటు మారలేదు. ఆ దీర్ఘాన్ని మనకు కావలసిన మాటకు తగిలించుకోవచ్చు కూడా. "దానియేలా వచ్చింది?" అంటే మనిషిని గూర్చి అనుమానం. "నిన్ననా వచ్చింది?" అంటే రోజును గూర్చి అనుమానం.

ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు అనే మాటలు వాడినప్పుడు ఆ దీర్ఘం కూడా అక్కరలేదు. "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?" అంటే చాలు. ప్రశ్న పదం వాక్యం మధ్యలోనే హాయిగా కూర్చుంటుంది.

ఇంగ్లీషులో ఇలాంటి దీర్ఘం లేదు. ఆ భాష ప్రశ్నను మాటల చోటు మార్చి తెలుపుతుంది. మన పిల్లలు "వేర్ యు ఆర్ గోయింగ్?" అంటున్నారంటే, తెలుగు వరుసను ఇంగ్లీషు మాటల్లో పెడుతున్నారన్నమాట. వారిని కోప్పడి లాభం లేదు. చోటు మార్పును చూపించాలి.

సహాయక క్రియ ముందుకు రావాలి

ఇంగ్లీషు వాక్యంలో ప్రధాన క్రియకు తోడుగా కొన్ని చిన్న క్రియలు ఉంటాయి. వీటిని సహాయక క్రియలంటారు. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ ఒక గుంపు. హావ్, హ్యాజ్, హ్యాడ్ ఒక గుంపు. కెన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మే, మైట్, మస్ట్ మరొక గుంపు. డు, డజ్, డిడ్ చివరి గుంపు.

మామూలు వాక్యంలో కర్త ముందు, సహాయక క్రియ తరువాత. ప్రశ్నలో సహాయక క్రియ కర్తను దాటి ముందుకు వస్తుంది. ప్రశ్నకు ప్రాణం ఇదే.

"షి ఈజ్ ఎ టీచర్." ఆమె టీచరు.
"ఈజ్ షి ఎ టీచర్?" ఆమె టీచరా?

"హి కెన్ డ్రైవ్ ఎ ట్రాక్టర్." అతను ట్రాక్టరు నడపగలడు.
"కెన్ హి డ్రైవ్ ఎ ట్రాక్టర్?" అతను ట్రాక్టరు నడపగలడా?

అయితే "యు లైక్ మ్యాంగోస్" అనే వాక్యంలో సహాయక క్రియ ఏదీ కనబడదు. అప్పుడు బయటినుండి డు అనే క్రియను పిలుచుకొని రావాలి. "డు యు లైక్ మ్యాంగోస్?" కర్త అతడు, ఆమె, అది అయితే డజ్ వస్తుంది. జరిగిపోయిన సంగతి అయితే డిడ్ వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "షి గోస్ టు చర్చ్" అనే వాక్యాన్ని ప్రశ్న చేస్తే "డజ్ షి గో టు చర్చ్?" అవుతుంది. గోస్ చివరనున్న శబ్దం డజ్ లోకి వెళ్ళిపోయింది. అలాగే "హి కేమ్" అన్నది "డిడ్ హి కమ్?" అవుతుంది. జరిగిపోయిన కాలాన్ని డిడ్ మోస్తోంది కాబట్టి ప్రధాన క్రియ మళ్ళీ మోయనక్కరలేదు. "డిడ్ హి కేమ్?" అనడం బస్సులో ఒక్క మనిషికి రెండు టిక్కెట్లు తీసుకోవడం వంటిది.

పాత ఇంగ్లీషు బైబిలు చదివే పెద్దలు ఒక సందేహం అడుగుతుంటారు. 1611లో అచ్చయిన ఆ అనువాదంలో ఈ డు చాలా చోట్ల కనబడదేమని. నిజమే. ఆ రోజుల ఇంగ్లీషులో ప్రధాన క్రియనే కర్తకు ముందు పెట్టి ప్రశ్న వేసేవారు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో ప్రభువు పేతురును ప్రేమను గూర్చి మూడుసార్లు అడిగిన ప్రశ్న ఆ అనువాదంలో డు లేకుండానే ఉంటుంది. ఈ కాలపు అనువాదాల్లో డు వచ్చి చేరింది. ప్రశ్న అదే, కట్టడం మారింది. పాత బైబిలును ప్రేమతో చదువుదాం. పిల్లలకు మాత్రం నేటి వరుసను నేర్పుదాం.

ఎవరు, ఏమి, ఎక్కడ

హూ, వాట్, వెన్, వేర్, వై, విచ్, హూజ్, హౌ. వీటితో మొదలయ్యే ప్రశ్నకు వరుస ఇది: మొదట ప్రశ్న పదం, తరువాత సహాయక క్రియ, తరువాత కర్త, ఆ తరువాత ప్రధాన క్రియ.

"వేర్ డు యు లివ్?" మీరు ఎక్కడ నివసిస్తున్నారు?
"వెన్ షుడ్ ఐ పే ది ఫీ?" నేను ఫీజు ఎప్పుడు కట్టాలి?
"వై డిడ్ ది బస్ స్టాప్?" బస్సు ఎందుకు ఆగింది?

ఒక్క చోట మాత్రం ఈ వరుస మారదు. హూ లేక వాట్ అనేదే కర్త అయినప్పుడు సహాయక క్రియను కొత్తగా తేనక్కరలేదు. "హూ టోల్డ్ యు?" అంటే నీకు ఎవరు చెప్పారు? "హూ డిడ్ టెల్ యు?" అని మామూలుగా అనరు.

ఈ తేడా ఎంత పని చేస్తుందో చూడండి. "హూ సా యు?" అంటే నిన్ను ఎవరు చూశారు? "హూ డిడ్ యు సీ?" అంటే నువ్వు ఎవరిని చూశావు? తెలుగులో ఎవరు, ఎవరిని అనే విభక్తి ఆ తేడా చెబుతుంది. ఇంగ్లీషులో మాట చోటు చెబుతుంది. మన భాషలో విభక్తికి ఉన్న విలువ ఆ భాషలో వరుసకు ఉంది. ఈ ఒక్క మాట పిల్లలకు బోధపడితే సగం వ్యాకరణం వచ్చినట్లే.

"ఎక్కడుందో" అన్నప్పుడు

పట్నంలో బ్యాంకుకు దారి అడగాలి. "వేర్ ఈజ్ ది బ్యాంక్?" అనవచ్చు. తప్పు లేదు. మర్యాదగా అడగాలంటే "కెన్ యు టెల్ మి వేర్ ది బ్యాంక్ ఈజ్?" అనాలి. రెండో వాక్యంలో ఈజ్ మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయింది. ఎందుకు?

దీనికి గుర్తు మన తెలుగులోనే ఉంది. మొదటిది "బ్యాంకు ఎక్కడ ఉంది?" రెండోది "బ్యాంకు ఎక్కడ ఉందో చెబుతారా?" ఉంది అన్నది ఉందో అయింది. తెలుగులో ఆ ఓకారం వచ్చిన చోట ఇంగ్లీషులో సహాయక క్రియ ముందుకు రాదు. "ఆయన ఎక్కడ ఉంటారో నాకు తెలియదు" అంటే "ఐ డోంట్ నో వేర్ హి లివ్స్." ఇది ప్రశ్న కూడా కాదు, కాబట్టి చివర ప్రశ్నార్థక గుర్తు పెట్టకూడదు. "వచ్చాడో లేదో" అన్న చోట ఇఫ్ లేక వెదర్ వాడాలి. "ఐ డోంట్ నో ఇఫ్ హి కేమ్." వచ్చాడో లేదో నాకు తెలియదు.

మేము నేర్పిన పిల్లల్లో ఈ ఓకారం గుర్తు చెప్పినంత త్వరగా మరి ఏ సూత్రమూ పని చేయలేదు.

ఎస్ అంటే అన్ని వేళలా అవును కాదు

ఇది ఆరోగ్యానికి సంబంధించిన సంగతి, శ్రద్ధగా చదవమని మనవి.

వేరే రాష్ట్రపు ఆసుపత్రిలో ఉన్నారనుకోండి. నర్సు వచ్చి "డిడంట్ యు టేక్ ది టాబ్లెట్?" అంటుంది. మాత్ర వేసుకోలేదా అని. మీరు వేసుకోలేదు. తెలుగులో అయితే "అవునండీ, వేసుకోలేదు" అంటారు. ఆ అలవాటుతో "ఎస్" అని ఊరుకున్నారు. మీరు మాత్ర వేసుకున్నారని ఆమె రాసుకొని వెళ్ళిపోతుంది.

మన అవును, అడిగినవారు అన్న మాటతో ఏకీభవిస్తుంది. వారి ఎస్, జరిగిన సంగతితో ఏకీభవిస్తుంది. ప్రశ్న ఏ విధంగా అడిగినా సరే, జరిగితే ఎస్, జరగకపోతే నో. వేసుకుంటే "ఎస్, ఐ డిడ్." వేసుకోకపోతే "నో, ఐ డిడంట్." ఎస్ లేక నో అని ఒక్క మాటతో ఆపకుండా ఇలా చిన్న వాక్యంగా చెప్పడం అలవాటు చేసుకుంటే పొరపాటు జరగదు.

మనం ప్రతి మాట చివరా కదా అంటాం. "వస్తున్నారు కదా", "తిన్నాడు కదా", "మంచివారు కదా". ఇంగ్లీషులో కదా ఒక్కటి కాదు. ముందున్న సహాయక క్రియను బట్టి మారుతుంది. "యు ఆర్ కమింగ్, ఆరంట్ యు?" "హి కెన్ రీడ్, కాంట్ హి?" "షి కేమ్, డిడంట్ షి?" అన్నిటికీ "ఈజంట్ ఇట్" అని తగిలించడం మన దేశంలో మామూలైంది గాని, పరీక్షలో దానికి మార్కులు పడవు.

అండీ, గారూ లేని భాష

తెలుగులో గౌరవం చూపడానికి మీరు ఉంది, అండీ ఉంది, గారు ఉంది. ఇంగ్లీషులో చిన్నవానికీ పెద్దవారికీ యు ఒక్కటే. అయితే ఆ భాషలో మర్యాద లేదనుకోవద్దు. వారి మర్యాదలో చాలా భాగం ప్రశ్న రూపంలో ఉంటుంది. "గివ్ మి వాటర్" అంటే ఆజ్ఞ. "కుడ్ యు గివ్ మి సమ్ వాటర్, ప్లీజ్?" అంటే మనవి. "ఐ వాంట్ లీవ్" అంటే మొరటుగా వినబడుతుంది. "మే ఐ టేక్ లీవ్ టుమారో?" అంటే అండీ చేర్చినట్లు. కెన్ కంటె కుడ్, విల్ కంటె వుడ్ మరికొంత మృదువు.

స్వరం కూడా గమనించాలి. ఎస్, నో జవాబు వచ్చే ప్రశ్నలో చివర గొంతు పైకి లేస్తుంది. వాట్, వేర్ వంటివాటితో మొదలయ్యే ప్రశ్నలో సాధారణంగా గొంతు దిగుతుంది. అన్ని ప్రశ్నలనూ ఒకే స్వరంతో గట్టిగా అడిగితే విచారణ చేస్తున్నట్లు ఉంటుంది.

ఇక ఆశ్చర్యం సంగతి

చింతచెట్టు కింద నిలబడి "ఎంత పెద్ద చెట్టు!" అంటాం. కట్టెల వ్యాపారి వచ్చి "ఎంత పెద్ద చెట్టు?" అని అడుగుతాడు. మాటలు అవే. కాగితం మీద గుర్తు, నోట్లో స్వరం మాత్రమే వేరు. తెలుగులో ఎంత అనే మాట రెండు పనులూ చేస్తుంది.

ఇంగ్లీషులో హౌ, వాట్ అనే మాటలు కూడా ఇలాగే రెండు పనులూ చేస్తాయి. మన పిల్లల తికమక ఇక్కడే. అయితే ఇక్కడ కూడా వరుస మనకు దారి చూపుతుంది.

"హౌ బిగ్ ఈజ్ ది ట్రీ?" చెట్టు ఎంత పెద్దది? ఇది ప్రశ్న.
"హౌ బిగ్ ది ట్రీ ఈజ్!" చెట్టు ఎంత పెద్దదో! ఇది ఆశ్చర్యం.

ప్రశ్నలో ఈజ్ కర్తకు ముందు వచ్చింది. ఆశ్చర్యంలో ఈజ్ తన మామూలు చోటనే ఉండిపోయింది. తెలుగును మళ్ళీ చూడండి. పెద్దదో అని ఓకారం వచ్చింది. ఇందాక చెప్పిన గుర్తే ఇక్కడా పనికి వస్తుంది.

వాట్ ఎప్పుడు, హౌ ఎప్పుడు? ఆశ్చర్యపడే మాటలో నామవాచకం ఉంటే వాట్. విశేషణం గాని క్రియా విశేషణం గాని ఒంటరిగా ఉంటే హౌ.

"వాట్ ఎ బిగ్ ట్రీ!" ఎంత పెద్ద చెట్టు! ట్రీ అనే నామవాచకం ఉంది.
"హౌ స్వీట్ దిస్ మ్యాంగో ఈజ్!" ఈ మామిడిపండు ఎంత తియ్యగా ఉంది! స్వీట్ అనే విశేషణం ఒంటరిగా ఉంది.
"హౌ ఫాస్ట్ హి రన్స్!" ఎంత వేగంగా పరుగెత్తుతున్నాడు! ఫాస్ట్ క్రియా విశేషణం.

వాట్ తరువాత ఎ లేక యాన్ రావాలంటే ఆ వస్తువు లెక్కించదగినదీ, ఒక్కటీ అయి ఉండాలి. పువ్వులు అనేకమైతే "వాట్ లవ్లీ ఫ్లవర్స్!" నీళ్ళు లెక్కించలేము కాబట్టి "వాట్ కోల్డ్ వాటర్!" ఈ రెండు చోట్లా ఎ అక్కరలేదు.

పరీక్షల్లో మామూలు వాక్యం ఇచ్చి ఆశ్చర్యార్థకంగా మార్చమంటారు. మూడు మెట్లు గుర్తుపెట్టుకుంటే చాలు. వెరీ అనే మాటను తీసివేయాలి. దాని బదులు వాట్ లేక హౌ తో ఆ భాగాన్ని వాక్యం మొదటికి తేవాలి. మిగిలిన కర్తనూ క్రియనూ వాటి వరుసలోనే చివర ఉంచి ఆశ్చర్యార్థక గుర్తు పెట్టాలి. "ఇట్ ఈజ్ ఎ వెరీ బిగ్ ట్రీ" అన్నది "వాట్ ఎ బిగ్ ట్రీ ఇట్ ఈజ్!" అవుతుంది. "ది వాటర్ ఈజ్ వెరీ కోల్డ్" అన్నది "హౌ కోల్డ్ ది వాటర్ ఈజ్!" అవుతుంది. "వాట్ ఎ బ్యూటిఫుల్ ఈజ్ దిస్ ఫ్లవర్" అని రాసే పిల్లలు చాలామంది ఉన్నారు. అందులో రెండు తప్పులు. బ్యూటిఫుల్ ఒంటరిగా ఉంది కాబట్టి హౌ రావాలి, ఈజ్ చివరికి వెళ్ళాలి.

ఒక మినహాయింపు దాచకుండా చెప్పాలి. ఇంగ్లీషు బైబిలులో 133వ కీర్తన సహోదరుల ఐక్యతను చూసి ఆశ్చర్యపడుతూ ఆరంభమవుతుంది. అక్కడ మాటల వరుస మనం చెప్పుకొన్నట్లే ఉంటుంది. 8వ కీర్తనలో మాత్రం దేవుని నామాన్ని గూర్చిన ఆశ్చర్యార్థక వాక్యంలో ఈజ్ కర్తకు ముందు వస్తుంది. అది కవిత్వపు భాష. అలాంటి చోట చివరనున్న గుర్తును చూసి భావం గ్రహించాలి. బడి పరీక్షలో మాత్రం మామూలు వరుసే రాయాలి.

గుర్తులు చిన్నవే గాని

తాటాకుల మీద రాసిన మన పాత గ్రంథాల్లో ఈ రెండు గుర్తులూ లేవు. అచ్చు పుస్తకాలతో పాటు అవి తెలుగులో స్థిరపడ్డాయి. కొత్త నిబంధన గ్రీకు ప్రతుల్లో కూడా అతి ప్రాచీనమైనవాటిలో విరామ చిహ్నాలు దాదాపు కనబడవు. అది ప్రశ్నా, మామూలు మాటా అని అనువాదకులే సందర్భాన్ని బట్టి నిర్ణయించాలి. యోహాను 12:27లో ప్రభువు ఆ గడియ నుండి తప్పించమని తండ్రితో పలికిన మాటను కొన్ని ఇంగ్లీషు అనువాదాలు ప్రార్థనగా ఉంచాయి. మరికొన్ని చివర ప్రశ్నార్థక గుర్తు పెట్టి, అలా ప్రార్థించనా అన్న ప్రశ్నగా చూపాయి. ఒక చిన్న గుర్తు గెత్సేమనేకు ముందటి ఆ వేదనను మనం వినే తీరునే మారుస్తుంది. కనుక పిల్లలు గుర్తు పెట్టడం మరచిపోతే చిన్న సంగతని వదిలేయవద్దు.

ప్రశ్నకు మన ఇంట్లో చోటుందా?

వ్యాకరణం ఇంతవరకు. ఇప్పుడు మనలను మనం పరీక్షించుకోవలసిన మాట ఒకటి ఉంది.

ఇంటర్వ్యూలో నోరు మెదపలేకపోయిన ఆ అమ్మాయికి మాటల వరుస ఒక్కటే అడ్డు వచ్చిందా? మేము ఆలోచించాం. మన ఇళ్ళలో పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ప్రశ్న అడిగితే ఏమంటున్నాం? "పెద్దలకు ఎదురు ప్రశ్నా?", "నీకెందుకు?", "నోరు మూసుకొని చదువుకో." పదిహేడేళ్ళు ఇలా విన్న పిల్ల పద్దెనిమిదో ఏట కొత్తవారి ముందు, కొత్త భాషలో, ధైర్యంగా ప్రశ్న వేయాలంటే ఎలా వేస్తుంది?

మేమూ ఈ తప్పు చేశాం. ఒకసారి సండే స్కూల్లో నోవహు ఓడను గూర్చి చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి, చేపలను ఓడలో ఎక్కడ పెట్టారని అడిగాడు. అందరూ నవ్వారు. మేము కోపంతో కూర్చోమన్నాం. ఆ తరువాత వాడు చాలా నెలలు ఏమీ అడగలేదు. ఆలోచిస్తే అది మంచి ప్రశ్న. వాడు కథను నిజంగా విన్నాడు కాబట్టే ఆ ప్రశ్న పుట్టింది.

లూకా సువార్త 2వ అధ్యాయంలో పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చొని ఉన్నాడు. ఏం చేస్తున్నాడు? వారి మాటలు వింటున్నాడు, వారిని ప్రశ్నలు అడుగుతున్నాడు. వినడం, అడగడం రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఆ బోధకులు గద్దించి పంపలేదు. ఆయన ప్రజ్ఞకు విస్మయమొందారు. ఆ పిల్లవాడే ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులకు లోబడి ఉన్నాడని అదే అధ్యాయం చెబుతోంది. కాబట్టి ప్రశ్న అడగడం అవిధేయత కాదు.

ఆశ్చర్యపడడం కూడా నేర్పవలసినదే. తెల్లవారి మంచులో మెరిసే సాలెగూడును చూసి పిల్లవాడు "అబ్బ, ఎంత బాగుందో!" అంటే, బడికి ఆలస్యమవుతోందని లాక్కొని పోతాం. ఒక్క నిమిషం ఆగి మనమూ చూస్తే ఏమి నష్టం?

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత

పది నిమిషాలు పిల్లలతో కూర్చోండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. తెలుగు వాక్యం మీరు చదవండి, పిల్లలు ఇంగ్లీషులో చెప్పాలి.

1. మీ అన్నయ్య ఎక్కడ పనిచేస్తున్నారు?
2. బస్సు వెళ్ళిపోయిందా?
3. ఈ మందు నేను ఎప్పుడు వేసుకోవాలి?
4. తలుపు ఎవరు తీశారు?
5. డాక్టరు గారు ఎప్పుడు వస్తారో చెప్పగలరా?
6. ఎంత పెద్ద గుమ్మడికాయ!
7. ఈ పాప ఎంత చక్కగా పాడుతోంది!

జవాబులు:

1. వేర్ డజ్ యువర్ బ్రదర్ వర్క్?
2. హ్యాజ్ ది బస్ లెఫ్ట్?
3. వెన్ షుడ్ ఐ టేక్ దిస్ మెడిసిన్?
4. హూ ఓపెన్డ్ ది డోర్?
5. కుడ్ యు టెల్ మి వెన్ ది డాక్టర్ విల్ కమ్?
6. వాట్ ఎ బిగ్ పంప్‌కిన్!
7. హౌ వెల్ దిస్ గర్ల్ సింగ్స్!

నాలుగోదానిలో డిడ్ ఎందుకు రాలేదో, అయిదోదానిలో విల్ ఎందుకు వెనక్కి వెళ్ళిందో పిల్లల చేతనే చెప్పించండి. చెప్పలేకపోతే ఈ పేజీలను మళ్ళీ కలిసి చదవండి. పది వాక్యాలు బట్టీ పట్టించడం కంటె ఒక్క వాక్యానికి కారణం చెప్పించడం మేలు.

ఆ అమ్మాయి ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతోంది. అమ్మిన గేదె తిరిగి రాలేదు, వడ్డీ ఇంకా కడుతున్నారు. అయితే ఈసారి ఫీజు గడువు రాకముందే ఆఫీసు గదికి వెళ్ళి "కెన్ ఐ పే ఇన్ టూ పార్ట్స్?" అని తానే అడిగింది. సరేనన్నారు. ఆ వార్త ఫోనులో చెబుతూ తండ్రి, "మా పిల్ల అడిగిందండీ" అన్నాడు. ఒప్పుకొన్నారన్న మాట తరువాత చెప్పాడు.

8వ కీర్తనను ఈ రాత్రి మీ కుటుంబంతో చదవండి. దేవుని నామ మహిమను చూసి ఆశ్చర్యపడడంతో అది మొదలవుతుంది. మధ్యలో, ఇంత చిన్నవాడైన మనిషిని దేవుడు పట్టించుకోవడం ఏమిటన్న ప్రశ్న వస్తుంది. చివరికి మళ్ళీ మొదటి ఆశ్చర్యమే. దావీదు తన దేవుని యెదుట రెండు రకాల వాక్యాలూ పలికాడు, ఆయన రెండూ ఆలకించాడు. మన పిల్లల ప్రశ్నలను ఆలకించే ఓపికను ప్రభువు మనకు కూడా దయచేయునుగాక.